జ్ఞానదంతం తీయించుకున్న తరువాత: కోలుకునే రోజుల్లో ఆందోళనను ఎదుర్కొనే సమగ్ర మార్గదర్శి

జ్ఞానదంతం తీయించుకునేవారిలో చాలామంది ఆ అరగంటకో గంటకో మనసును సిద్ధం చేసుకుంటారు గానీ, ఆ తరువాత వచ్చే వారానికి సిద్ధం కారు. కుర్చీలో ఉన్నంతసేపూ మత్తు పనిచేస్తూ ఉంటుంది, వైద్యులు పక్కనే ఉంటారు, అనుమానం వస్తే అడగవచ్చు. ఇంటికి చేరాక నోట్లో ఒక పచ్చిగాయం, చేతిలో ఒక మందుల చీటీ మిగులుతాయి. ఉమ్మిలో కనిపించిన ప్రతి ఎర్రటి చారకూ, దవడలో లేచిన ప్రతి పోటుకూ అర్థం వెతుక్కునే పని మీ ఒక్కరి మీదే పడుతుంది. ఈ భయాన్ని పిరికితనంగా భావించి సిగ్గుపడవలసిన పని లేదు. నోటి చుట్టూ నాడులు చాలా దట్టంగా ఉంటాయి. తినడం, మాట్లాడడం, మింగడం అన్నీ అక్కడే జరుగుతాయి కాబట్టి, అక్కడి చిన్న గాయాన్ని కూడా మనసు క్షణమైనా మరిచిపోనివ్వదు.

కింద చెప్పే ప్రతి మెట్టుకూ ఆధారం ఒకే సూత్రం. ఈ గంటలో నొప్పి ఎంత ఉందన్నదాన్ని బట్టి కాకుండా, నిన్నటికంటే ఈరోజు పరిస్థితి ఎటువైపు నడుస్తోందన్నదాన్ని బట్టి నిర్ణయం తీసుకోండి. సక్రమంగా మానుతున్న గాయంలో కూడా 2వ, 3వ రోజు వరకు వాపు పెరగవచ్చు. అక్కడినుంచి తగ్గుముఖం పట్టాలి. తగ్గుతూ వచ్చినది మళ్లీ పెరిగినా, 3వ రోజు దాటాక కూడా పెరుగుతూనే ఉన్నా, వైద్యులకు చెప్పవలసిన సమయం అదే.

మొదటి మెట్టు: వెళ్లకముందే అడిగి రాసుకోవలసినవి

ఆందోళనలో సగం సమాచారం లేకపోవడం వల్ల పుడుతుంది. అందువల్ల పన్ను తీయించుకోవడానికి ముందు జరిగే సంప్రదింపులోనే కొన్ని విషయాలు అడిగి కాగితం మీద రాసుకోండి. తీసేది పైపన్నా, కింది పన్నా? ఎముకను కొంత తొలగించవలసి ఉంటుందా? వేసే కుట్లు వాటంతట అవే కరిగిపోతాయా, లేక సుమారు వారం తరువాత వచ్చి తీయించుకోవాలా? నొప్పి మాత్రలు ఏ క్రమంలో వేసుకోవాలి? అన్నిటికంటే ముఖ్యమైనది, రాత్రి వేళ లేదా సెలవు రోజున ఇబ్బంది వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి? ఈ చివరి ప్రశ్నకు సమాధానం లేకుండా ఇంటికి రావద్దని గట్టిగా చెబుతాను. ఎవరిని పిలవాలో ముందే తెలిసిన మనిషి అర్ధరాత్రి లేచి కూర్చున్నప్పుడు కూడా అంతగా బెంబేలెత్తడు.

మీరు వాడుతున్న మందులన్నీ, ముఖ్యంగా రక్తాన్ని పలుచబరిచేవి, గర్భనిరోధక మాత్రలు, ఎముకల బలహీనతకు వాడేవి, దాచకుండా చెప్పండి. ఇంతకు ముందు తీవ్రమైన ఆందోళన, పానిక్ దాడులు వచ్చి ఉంటే ఆ సంగతి కూడా వైద్య సమాచారంలో భాగమే. మత్తు ఇంజెక్షన్‌లో సాధారణంగా కొద్దిగా అడ్రినలిన్ కలిపి ఉంటుంది. దానివల్ల కొందరికి కొన్ని నిమిషాల పాటు గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఇది ముందే తెలిసినవారు ఆ దడను పానిక్ దాడిగా పొరబడరు.

రెండో మెట్టు: గాయం లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడం

పన్ను తీసిన గుంటలోకి రక్తం చేరి కొద్దిసేపటిలోనే గడ్డకడుతుంది. ఈ రక్తపు గడ్డ కింద ఉన్న ఎముకనూ నాడుల చివరలనూ కప్పి ఉంచుతుంది, కొత్త కణజాలం పెరగడానికి ఆధారంగా నిలుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో దాని రంగు మారి, పైన తెల్లగానో లేత పసుపుగానో బూడిద రంగులోనో ఒక పొర ఏర్పడుతుంది. అద్దంలో దీన్ని చూసినవారిలో చాలామంది చీము పట్టిందని హడలిపోతారు. ఆ పొరలో ఎక్కువ భాగం ఫైబ్రిన్ అనే ప్రోటీను. చర్మం మీది గాయం పొడిగా ఉండి గోధుమ రంగు పక్కు కడుతుంది. నోట్లో ఎప్పుడూ తడి ఉంటుంది కాబట్టి అదే పక్కు నాని తెల్లగా కనిపిస్తుంది. చీము అయితే నొక్కినప్పుడు కారుతుంది, రుచి మారుతుంది, వాపూ నొప్పీ దానితోపాటు పెరుగుతాయి. ఇవేవీ లేకుండా కదలకుండా అంటుకుని ఉన్న తెల్లని పొరను చూసి భయపడవద్దు, గోకి తీయనూ వద్దు.

పైన చిగురు మూసుకోవడానికి సుమారు 3 నుంచి 4 వారాలు, లోపలి గుంట ఎముకతో నిండడానికి కొన్ని నెలలు పడుతుంది. కాబట్టి 10వ రోజున నాలుకకు గుంట తగిలితే గాయం మానలేదని అనుకోనక్కర్లేదు.

మూడో మెట్టు: మొదటి 24 గంటలు

గాజుగుడ్డను వైద్యులు చెప్పినంతసేపు, సాధారణంగా అరగంట నుంచి ముప్పావుగంట వరకు, గట్టిగా కరిచి పట్టుకోండి. మధ్యమధ్యలో తీసి చూసుకోవాలనే కోరికను ఆపుకోవాలి. అలా తీసిన ప్రతిసారీ అప్పుడే కడుతున్న గడ్డ కదులుతుంది. మొదటి రోజంతా ఉమ్మిలో ఎర్రదనం కనిపించడం సహజం. కొన్ని చుక్కల రక్తం నోటి నిండా ఉన్న లాలాజలంలో కలిస్తే చాలా రక్తం పోయినట్లు కనిపిస్తుంది, ఉదయం దిండు గలేబు మీది గులాబీ మరక కూడా అలాంటిదే. నోరు వేగంగా రక్తంతో నిండుతూ, శుభ్రమైన గుడ్డను తడిపి మడిచి అరగంట గట్టిగా కరిచిన తరువాత కూడా ఆగకపోతే, అప్పుడు దాన్ని నిజమైన రక్తస్రావంగా పరిగణించి వెంటనే ఫోన్ చేయండి.

మొదటి నొప్పి మాత్రను తిమ్మిరి పూర్తిగా దిగకముందే వేసుకోవడం మంచిది. సాధారణంగా వాడే మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది. అది దిగి నొప్పి శిఖరానికి చేరిన తరువాత వేసుకున్న మాత్ర పనిచేయడానికి మరో అరగంటో గంటో పడుతుంది, ఆ గంటలోనే భయం బాగా ముదురుతుంది. మొదటి రెండు మూడు రోజులు మాత్రలను నొప్పి వచ్చినప్పుడల్లా కాకుండా వైద్యులు చెప్పిన వేళలకే వేసుకోండి. ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ వేర్వేరు విధాలుగా పనిచేస్తాయి కాబట్టి రెండింటినీ కలిపి సూచించడం మామూలే. అయితే కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు, కొన్ని రకాల ఆస్తమా ఉన్నవారు, గర్భిణులు వైద్యులను అడగకుండా ఐబుప్రోఫెన్ వాడకూడదు. పారాసిటమాల్ విషయంలో పెద్దవారికి 24 గంటల్లో 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. శరీర బరువు తక్కువ ఉన్నవారికీ కాలేయ సమస్య ఉన్నవారికీ ఆ పరిమితి ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లోనూ, కొన్ని మిశ్రమ నొప్పి మాత్రల్లోనూ అదే మందు ఉండవచ్చు కాబట్టి పెట్టె మీద చదివి లెక్క వేసుకోవాలి. వేసుకున్న మాత్ర పేరు, సమయం ఒక కాగితం మీద రాస్తూ ఉంటే "వేసుకున్నానా, లేదా?" అన్న అనుమానం ఒకటి తగ్గుతుంది.

యాంటీబయాటిక్ రాయలేదని కలవరపడేవారు కూడా ఉంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అది ప్రతిసారీ అవసరం కాదు. రాయకపోవడాన్ని నిర్లక్ష్యంగా తీసుకోవద్దు.

పుక్కిలించడం, గట్టిగా ఉమ్మడం, స్ట్రాతో పీల్చడం, బరువైన వ్యాయామం, వేడివేడి పానీయాలు ఆరోజుకు మానండి. పొగతాగడం మాత్రం కనీసం 3 రోజులు, వీలైతే వారం పైగా పూర్తిగా ఆపాలి. ఈ ఒక్క విషయంలో సడలింపు ఉండకూడదని నా అభిప్రాయం. బుగ్గ మీద బట్టలో చుట్టిన మంచును 15, 20 నిమిషాలు పెట్టి, అంతసేపే విరామం ఇస్తూ ఉండండి.

నాలుగో మెట్టు: 2వ, 3వ రోజులను దాటడం

అత్యధికులు తల్లడిల్లేది ఇక్కడే. మొదటి రోజు తేలిగ్గానే గడిచిందనుకున్న మనిషి 2వ రోజు ఉదయం లేచేసరికి బుగ్గ మరింత ఉబ్బి, నోరు రెండు వేళ్ల వెడల్పు కూడా తెరుచుకోక, మింగితే గొంతు, కదిలితే చెవి నొప్పిపెట్టడం చూసి, ఏదో చెడిపోయిందనే నిర్ణయానికి వస్తాడు. నిజానికి వాపు సాధారణంగా 48 నుంచి 72 గంటల మధ్య తారస్థాయికి చేరుతుంది. నోరు తెరుచుకోకపోవడానికి కారణం నమలడానికి ఉపయోగపడే కండరాలు వాచి బిగుసుకోవడం. అది ఒకటి రెండు వారాల్లో సడలుతుంది. చెవి, కణత, పక్క పళ్లు నొప్పిపెట్టడానికి కారణం ఆ భాగాలన్నిటికీ ఉమ్మడి నాడీ వ్యవస్థ ఉండడమే. బుగ్గ మీద నీలంగా కమిలి, క్రమంగా పసుపుపచ్చగా మారి మెడవైపు దిగడం చూడటానికి భయం గొలిపినా హానికరం కాదు.

24 గంటలు గడిచాక గోరువెచ్చని ఉప్పునీళ్లు మొదలుపెట్టవచ్చు. గ్లాసు నీళ్లలో అర చెంచా ఉప్పు చాలు. నీళ్లు నోట్లో పోసుకుని తలను నెమ్మదిగా ఆ పక్కకూ ఈ పక్కకూ వంచి, ఉమ్మకుండా నోరు తెరిచి సింకులోకి జారవిడవండి. తిన్న ప్రతిసారీ ఇలా చేస్తే చాలు. రెండు రోజులు దాటాక మంచుకు బదులు వెచ్చని కాపడం దవడ బిగువును తగ్గిస్తుంది.

కడుపు ఖాళీగా ఉంచవద్దు. భయంతో తినడం మానేసినవారికి వచ్చే నీరసం, తలతిరుగుడు, వణుకు అచ్చంగా ఆందోళన లక్షణాల్లాగే ఉంటాయి, మందులు కూడా కడుపులో మంట పుట్టిస్తాయి. చల్లారిన, మెత్తని, నమలనక్కర్లేని ఆహారం కొద్దికొద్దిగా తరచుగా తీసుకుంటూ, నీళ్లు బాగా తాగండి.

ఐదో మెట్టు: డ్రై సాకెట్ భయాన్ని సరైన కొలతలో ఉంచడం

పన్ను తీయించుకున్నవారు అన్నిటికంటే ఎక్కువగా భయపడేది దీనికే, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. గుంటలోని రక్తపు గడ్డ ముందుగానే కరిగిపోయి లేదా ఊడిపోయి ఎముక బయటపడితే దాన్ని డ్రై సాకెట్ అంటారు. 1896 నాటికే వైద్య రచనల్లో దీని వర్ణన ఉంది. మామూలుగా పళ్లు తీసినప్పుడు ఇది 100 మందిలో కొద్దిమందికే వస్తుంది. కింది జ్ఞానదంతాల విషయంలో అంతకంటే ఎక్కువగా కనిపిస్తుంది. పొగతాగేవారికీ, గర్భనిరోధక మాత్రలు వాడేవారికీ, పన్ను తీయడం కష్టమైనవారికీ అవకాశం పెరుగుతుంది.

దాని లక్షణం చాలా స్పష్టంగా ఉంటుంది. సాధారణంగా 2వ రోజు నుంచి 4వ రోజు మధ్యలో, అప్పటివరకు ఓర్చుకోగలిగిన నొప్పి ఒక్కసారిగా తీవ్రమై, లోతుగా సలుపుతూ, చెవికీ కణతకూ పాకుతుంది. రోజూ పనిచేసిన మాత్ర సరిగ్గా పనిచేయదు. నోటి నుంచి దుర్వాసన, చెడు రుచి వస్తాయి. "నాకు డ్రై సాకెట్ వచ్చిందేమో" అని గంటగంటకూ అనుమానించేంత సందిగ్ధంగా అది సాధారణంగా ఉండదు. మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గుతూ, నిన్నటికంటే ఈరోజు ఏ కొంచెమైనా తేలికగా ఉంటే, అది కాదని నమ్మడానికి మీకు మంచి ఆధారం ఉన్నట్లే. ఒకసారి తుమ్మినందుకో, నిద్రలో ఆవులించినందుకో, నాలుక పొరపాటున తగిలినందుకో గడ్డ ఊడిపోయి ఉంటుందని తమను తాము నిందించుకునేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. అది గుంట గోడలకు అతుక్కుని ఉంటుంది, అంత తేలిగ్గా ఊడిరాదు. మొదటి వారం గడిచాక ఇది కొత్తగా రావడం చాలా అరుదు.

ఒకవేళ వచ్చినా, అది బాధాకరమే గానీ ప్రమాదకరం కాదు. వైద్యులు గుంటను కడిగి మందు పెడితే చాలామందికి త్వరగానే ఉపశమనం కలుగుతుంది, ఆ తరువాత గుంట అడుగునుంచి మెల్లగా మానుతుంది. చికిత్స ఉన్న ఇబ్బందిని ఇంట్లో పళ్లబిగువున భరించడంలో అర్థం లేదు.

ఆరో మెట్టు: చూసుకోవడానికి వేళలు పెట్టుకోవడం

చేతి ఫోను టార్చి వెలిగించి, బిగుసుకున్న నోటిని బలవంతంగా తెరిచి, బుగ్గను వేలితో పక్కకు లాగి, గుంటను ఫోటో తీసి, దాన్ని ఇంటర్నెట్‌లోని ఫోటోలతో పోల్చుకోవడం ఎందరో చేసే పని. ప్రతిసారీ కొద్ది నిమిషాలు ఊరట కలిగినట్లే ఉంటుంది, తరువాత అనుమానం మళ్లీ వస్తుంది, మళ్లీ చూడాలనిపిస్తుంది. పైగా అలా లాగడం వల్ల కుట్లు ఒరుసుకుని కొత్త నొప్పి పుడుతుంది, ఆ నొప్పే మరో అనుమానానికి కారణమవుతుంది.

దీన్ని పూర్తిగా మానమని చెబితే ఎవరివల్లా కాదు. అందుకు బదులు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి మాత్రమే చూసుకోవాలని నియమం పెట్టుకోండి. ఆ రెండు వేళల్లో ఒక పుస్తకంలో నాలుగు విషయాలు రాయండి: నొప్పికి 0 నుంచి 10లోపు ఒక అంకె, నోరు ఎన్ని వేళ్ల వెడల్పు తెరుచుకుంటోంది, జ్వరం ఉందా, వాపు నిన్నటికంటే ఎలా ఉంది. మధ్యలో అనుమానం వస్తే దాన్ని కూడా అదే పుస్తకంలో ఒక వాక్యంగా రాసి, తరువాతి వేళ వరకు పక్కన పెట్టండి. మూడు రోజుల అంకెలు వరుసగా కనిపించినప్పుడు పరిస్థితి ఎటు నడుస్తోందో మీ కళ్లకే తెలుస్తుంది; వైద్యులకు ఫోన్ చేయవలసి వచ్చినా ఆ పేజీ చదివి వినిపిస్తే వారికి సగం పని అయిపోతుంది.

ఇంటర్నెట్‌లో ఇతరుల అనుభవాలు చదవడం ఈ వారం ఆపివేయండి. సజావుగా కోలుకున్నవారిలో ఎక్కువమంది ఏమీ రాయరు, ఇబ్బందిపడినవారే రాస్తారు. అందువల్ల అక్కడ కనిపించేది వాస్తవానికి తగిన నిష్పత్తిలో ఉండదు.

ఏడో మెట్టు: రాత్రిళ్లు

పడుకోగానే నొప్పి పెరిగినట్లు అనిపించడం భ్రమ కాదు. చదునుగా పడుకుంటే తలవైపు రక్తపు ఒత్తిడి పెరిగి గాయం దగ్గర పోటు ఎక్కువవుతుంది, పైగా ధ్యాస మళ్లించే పనులేవీ ఉండవు. మొదటి రెండు మూడు రాత్రులు రెండు దిళ్లు వేసుకుని తల ఎత్తులో ఉంచుకోండి. రాత్రి వేసుకోవలసిన మాత్రను నిద్రకు ముప్పావుగంట ముందు వేసుకునేలా వేళలు సర్దుకోండి. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే దానివల్ల కూడా నిద్ర పట్టకపోవడం, మనసు అస్థిమితంగా ఉండడం జరగవచ్చు.

గుండె దడదడలాడుతుంటే ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, 6 అంకెలు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలండి. అయిదు నిమిషాలు ఇలా చేయండి. ఊపిరి వదిలే సమయాన్ని పొడిగించినప్పుడు గుండె వేగం నెమ్మదిస్తుంది. నోటితో గట్టిగా ఊదవద్దు. భయంతో దవడ బిగబట్టుకునే అలవాటు ఉన్నవారు పళ్లు ఒకదానికొకటి తగలకుండా, భుజాలు దింపి, నాలుకను వదులుగా ఉంచుకోవాలి. బిగించిన దవడ గాయం నొప్పిని మరింత పెంచుతుంది. ఇంట్లో ఎవరైనా ఉంటే వారిని లేపి చెప్పడానికి మొహమాటపడవద్దు.

ఎనిమిదో మెట్టు: ఆలస్యం చేయకూడని లక్షణాలు

ఊపిరి తీసుకోవడం కష్టమైనా, సొంత ఉమ్మిని కూడా మింగలేకపోయినా, నాలుక కిందో మెడలోనో వాపు గట్టిగా పాకుతున్నా, ముఖమో పెదవులో ఉబ్బి ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా అత్యవసర విభాగానికి వెళ్లాలి, మరుసటి ఉదయం వరకు ఆగకూడదు. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం తగ్గకపోతే, 3వ రోజు తరువాత వాపు పెరుగుతుంటే, చీము కారుతుంటే, నోరు రోజురోజుకూ మరింత బిగుసుకుంటుంటే అదే రోజు దంతవైద్యులకు చెప్పండి. పైపన్ను తీయించుకున్నవారికి తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తే, గుంటకూ సైనస్‌కూ (పై దవడ ఎముకలో ముక్కు పక్కన ఉండే గాలి గది) మధ్య దారి ఏర్పడి ఉండవచ్చు. ముక్కు చీదకుండా వైద్యులను కలవాలి.

పెదవి, గడ్డం లేదా నాలుక మత్తు దిగిన తరువాత కూడా మొద్దుబారి ఉంటే మరుసటి రోజే తెలియజేయండి. కింది జ్ఞానదంతాల వేళ్లకు దగ్గరగా నాడులు ఉంటాయి, అవి నలిగితే స్పర్శ తగ్గుతుంది. చాలామందిలో ఇది వారాల్లో లేదా నెలల్లో తిరిగి వస్తుంది, శాశ్వతంగా మిగలడం అరుదు. చీమలు పాకినట్లు, సూదులు గుచ్చినట్లు అనిపించడం తరచుగా నాడి కోలుకుంటున్నదనడానికి గుర్తు. ఈలోగా ఆ పెదవిని కొరుక్కోకుండా, వేడి తగలకుండా జాగ్రత్తపడాలి.

ఈ లక్షణాల జాబితాను, పైన చెప్పిన ఆగని రక్తస్రావాన్నీ డ్రై సాకెట్ లక్షణాలనూ కూడా చేర్చి, ఒక కాగితం మీద రాసి మందుల పక్కనే అతికించుకోండి. భయం వేసినప్పుడు ముందు ఆ కాగితం చూడండి. అందులో ఉన్నది కనిపిస్తే ఫోన్ చేయాలి. లేనిదైతే సాయంత్రం వేళకు పుస్తకంలో రాయాలి.

తొమ్మిదో మెట్టు: రెండో వారం, ఆ తరువాత

కరిగే కుట్లు సుమారు వారం నుంచి రెండు వారాల్లో వదులై, దారపు ముక్కగా నోట్లోకి రావచ్చు. గుంటలో ఆహారం ఇరుక్కుంటే పుల్లతో కెలకకుండా, వైద్యులు అనుమతించాక మొనవంపు సిరంజితో గోరువెచ్చని నీళ్లు పోసి కడగండి. కొన్నిసార్లు కొద్ది వారాల తరువాత చిగురులోంచి సన్నని గరుకైన ఎముక ముక్క పైకి వస్తుంది. అది చాలావరకు దానంతట అదే ఊడిపోతుంది, గుచ్చుకుంటుంటే వైద్యులు తీసివేస్తారు.

గాయం మానుతున్నా భయం తగ్గకపోవడం కొందరి విషయంలో జరుగుతుంది. రెండు మూడు వారాల తరువాత కూడా నిద్ర పట్టక, ఆ వైపు నమలడానికి ధైర్యం చాలక, రోజంతా నోటి గురించే ఆలోచిస్తూ ఉంటే, దంతవైద్యుల దగ్గర ఒకసారి పరీక్ష చేయించుకుని గాయం బాగుందని నిర్ధారించుకున్నాక, మానసిక వైద్యులను గానీ కౌన్సెలర్‌ను గానీ కలవండి. నోటి రెండో పక్కనున్న జ్ఞానదంతం కూడా తీయించుకోవలసి ఉన్నవారు మొదటిసారి రాసుకున్న పుస్తకాన్ని దాచుకుని, రెండోసారి సంప్రదింపుకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లాలి. ఏ రోజున ఏ మాత్ర చాలలేదో, ఏ రాత్రి భయం ఎక్కువైందో చూసి వైద్యులు ఈసారి మందులనూ మత్తు విధానాన్నీ మీకు తగినట్లు మార్చగలుగుతారు.